డాష్‌బోర్డు మీద అమ్మవారు

కొవ్వూరు బుల్లబ్బాయి గారు కారెక్కితే, డాష్‌బోర్డు మీది అమ్మవారి పాదాలు తాకి కళ్ళకద్దుకుంటేగాని తాళం తిప్పరు. తమ్ముడు గణేష్‌బాబు ఆ బొమ్మని పెనుగొండ నుంచి తెచ్చి, అందులోని దీపం ఎప్పుడూ ఆరకూడదని వైరు నేరుగా బ్యాటరీకి కలిపించాడు. ఈమధ్య పొద్దున్నే కారు తోయించక తప్పడం లేదు. కొత్త బ్యాటరీ వేసినా అంతే. ఆయన షాపువాణ్ణి తిట్టిపోశారు. ఇవాళ గుడి నుంచి వస్తూ, ఇంట్లో చెప్పకుండానే షెడ్డుకి పోనిచ్చారు. ఎలక్ట్రీషియన్ ఫ్యూజులన్నీ పీకినా బ్యాటరీకి తగిలించిన మీటరులో కరెంటు అంకె తగ్గలేదు. చివరికి బొమ్మ పైకెత్తాడు. కింద చిన్న నల్ల డబ్బా.

“కారెక్కడుందో ఫోన్లో చూసుకునేదండి ఇది. ఛార్జింగంతా ఇదే తాగేస్తంది. మీరే పెట్టించారా?”

బుల్లబ్బాయి గారు బొమ్మని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఇంతలో తమ్ముడి ఫోను.

“కారు మళ్ళీ ఆగిందా అన్నయ్యా? షెడ్డులో ఉన్నావేంటి?”