పడవ నీళ్లలోకి దిగే చోటు

ఫెహీన్ సముద్రంలో పీతలు పట్టే బుట్టలు దింపుకుని బతికే మనిషి. ఐర్లండు పడమటి తీరాన, మా కొనమారా పల్లెల్లో, గాలులు ముదిరి పడవలు ఒడ్డెక్కాక అతనికి మరో పని మొదలయ్యేది. ఆదివారం మధ్యాహ్నాలు తన అక్క నోప్లా వంటింట్లో, నిప్పుగూటి పక్కన కూర్చుని కథలు చెప్పేవాడు. అవన్నీ చూపులేని మేనమామ నోటి నుంచి విని నేర్చినవి. మేనమామ పోయాక ఆ కథలు తెలిసినవాడు ఫెహీన్ ఒక్కడే మిగిలాడు. అతను మానేస్తే అవి అంతటితో సరి.

మానేసే పరిస్థితి నిజంగానే వచ్చింది. ఒక ఏడాది శరత్కాలంలో గాల్వే పట్నంలో కథల పోటీ జరిగింది. డబ్లిన్ నుంచి వచ్చిన న్యాయనిర్ణేత నిండు సభలో తీర్పు చెప్పాడు. నేను ఆ సభలో ఉన్నాను గనుక ఆయన మాటలు ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను.

"వెనక వరుసల వాళ్లకి మీ గొంతు వినబడలేదు. ఇక కథంటారా, రాజుగారికి ముగ్గురు కొడుకులు, చిన్నవాడే గెలుస్తాడు, గుర్రం మాట్లాడుతుంది. వినేవాళ్లకి ముందే తెలిసిపోయేది చెప్పడం దేనికండీ?"

మొదటి ఆక్షేపణ న్యాయమైనది. ఫెహీన్ దాన్ని ఒప్పుకుని, అప్పటి నుంచి తలెత్తి చెప్పడం అలవాటు చేసుకున్నాడు. రెండో దానిలో దిద్దుకోదగిన తప్పేదీ చూపలేదు. ఆ కథ మరో రకం కథ కాలేదన్న ఫిర్యాదు మాత్రమే ఉంది. అయినా అతన్ని గుచ్చుకున్నది అదే.

నవంబరులో నోప్లా ఇల్లు మళ్లీ నిండింది. ఫెహీన్ గొంతు సవరించుకున్నాడు.

"ఒక రాజు. ఆయనకి ఇద్దరు కొడుకులు."

"మూడోవాడేడిరా?" టీ పోస్తున్న నోప్లా చెయ్యి ఆగింది.

"లేడక్కా. తీసేశాను."

"అయ్యో, పోయాడా! ఒంట్లో బాగోలేదని మాకు కబురైనా చెప్పలేదే!"

అందరూ నవ్వారు. ఫెహీన్ నవ్వలేదు. గుర్రాన్ని కూడా మూగదాన్ని చేసి కథ నడిపించాడు. జనం మర్యాదగా విన్నారు. అలా మర్యాదగా వినడం ఆ ఇంట్లో నేనెన్నడూ చూడలేదు.

చివరికి పడవ దించే ఘట్టం వచ్చింది. మా కథల్లో ఈ చోటికి కట్టుబడిన మాటలుంటాయి. రాజు ఎవరైనా, దేశం ఏదైనా ఆ మాటలు మారవు. కథకుడు వాటిని ఒక్క పరుగున చెప్పాలి, చివర అందరూ "దేవుడు నీకు తోడు!" అని అందుకోవాలి. అందుకే అంతా కప్పులు కింద పెట్టి, ముందుకు వంగి, ఊపిరి తీసుకున్నారు.

"తర్వాత వాళ్లు సముద్రం దాటి తూర్పు దేశం చేరారు" అన్నాడు ఫెహీన్.

తీసుకున్న ఊపిరి ఎక్కడ వదలాలో ఎవరికీ తెలియలేదు.

"పడవెవడు దించాడ్రా?" అన్నాడు పక్కింటి ముసలి టార్లాక్. "నడిచిపోయారా ఏంటి నీళ్లమీద?"

"అందరికీ తెలిసిందేగా బాబాయ్. తెలిసిందే చెప్పడం దేనికని..."

"తెలుసు గనకే వచ్చాం. తెలీనివి కావాలంటే ఇంట్లో రేడియో ఉంది."

ఫెహీన్ లేచి నిలబడ్డాడు. "నావల్ల కాదు. పాతది చెప్తే వాళ్లు కాదంటారు, కొత్తది చెప్తే మీరు వెక్కిరిస్తారు. ఇంక నేను చెప్పను."

ఎవరూ బతిమాలలేదు. నోప్లా తలుపు వైపు చూపించింది. "వెళ్లు. ఆ పడవ దించేసి వెళ్లు. పాపం రాజుగారి పిల్లలు ఒడ్డునే నిలబడున్నారు."

అతను టోపీ చేతిలో పట్టుకుని, నిలబడే అందుకున్నాడు.

"పడవ ముక్కు అణియం కడలి వైపు, వెనక కొస అమరం నేల వైపు తిప్పారు ముగ్గురూ. తెరచాప కొసదాకా ఎత్తారు. అడుగు ఇసక పైకొచ్చేలా, పై నురగ అడుక్కెళ్లేలా నడిపారు. ఒడ్డు చేరి, గంటసేపే ఆగేవాళ్లు, చలికాలమంతా ఉండేవాళ్లలా పడవను బిగించి కట్టారు!"

"దేవుడు నీకు తోడు!" ఇల్లు అదిరింది. ముగ్గురూ అన్న మాట అతని నోట దానంతటదే వచ్చింది. మూడోవాడు తిరిగొచ్చినందుకు ఈసారి ఎవరూ నవ్వలేదు. గుర్రానికీ మాట వచ్చింది.

ఆ కథలో పడవ మళ్లీ దిగుతుంది, ఈసారి చిన్నవాడు ఒంటరిగా, వెళ్లినవాళ్లు తిరిగిరాని దీవికి. అవే మాటలు, అదే పరుగు. అందరం ఊపిరి తీసుకుని సిద్ధంగా ఉన్నాం. చివరి వాక్యం దగ్గర ఫెహీన్ గొంతు నెమ్మదించింది.

"చలికాలమంతా ఉండిపోయేవాడు, గంటసేపే ఆగేవాడిలా, వదులుగా కట్టాడు."

ఈసారి "దేవుడు నీకు తోడు" అని ఎవరూ అందుకోలేదు. ఆ గదిలో సముద్రానికి మనిషిని ఇవ్వని కుటుంబం లేదు. ఈ కథ ఫెహీన్ మేనమామ చెప్పగా విన్నాను, ఫెహీన్ చెప్పగా చాలాసార్లు విన్నాను. ఆ వాక్యం అలా తిరగబడటం ఎన్నడూ వినలేదు. తర్వాత ఎన్నిసార్లు ఆలోచించినా నాకు ఒకటే తేలింది: ఆ మాటలు మాకు కంఠతా వచ్చి ఉండకపోతే, ఆ మార్పు మమ్మల్ని తాకేదే కాదు.

పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నా నోప్లా కదలలేదు. టార్లాక్, ఆ కథను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఎరిగినవాడు, చిన్నగా అడిగాడు.

"తర్వాతేమైందిరా?"

ఫెహీన్ టోపీ మేకుకు తగిలించి, నిప్పు దగ్గరకు జరిగి కూర్చున్నాడు.