రెండిళ్ల నీళ్లు ఒక గిన్నెలో: మదనపల్లె నుంచి రామకుప్పం దాకా

మా చెల్లెలు రత్నమ్మ ఇంట్లో నేను మంచినీళ్లు తాగి పన్నెండేళ్లు దాటింది. మమ్మల్నిద్దరినీ రామకుప్పం దగ్గర ఒకే పల్లెకు ఇచ్చారు. పొలాలు పక్కపక్కనే. హద్దురాయి జరిగిందని చెల్లెలి భర్త వెంకటప్ప అన్నాడు. తాను జరపలేదని మావారు అన్నారు. పెద్దమనుషులు రెండుసార్లు కూర్చున్నా తేలలేదు. చివరికి మావారు గంగమ్మ గుడి ముందు మండుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి ప్రమాణం చేశారు. మా వైపు కట్టుబాటులో ప్రమాణంతో తగవు ఆగిపోతుంది. దాంతోపాటు ఆ రెండిళ్ల మధ్య నీళ్లూ నిప్పూ కూడా ఆగిపోతాయి. ఆ ఏడే మేము పొలం కౌలుకిచ్చి మదనపల్లె చేరాం. మాకు పిల్లలు లేరు. మూడేళ్ల కిందట ఆయనా పోయారు. ఇక నాకంటూ మిగిలింది చెల్లెలొక్కతే. మళ్లీ రాకపోకలు సాగేలా ప్రమాణం విప్పుకుందాం రమ్మని ఆమె కబురు పెడితే బయలుదేరాను. ఇలాంటి పని మీద వెళ్లేవారు ఇంకా ఉంటారు గనుక దారీ తీరూ రాస్తున్నాను.

ప్రమాణం విప్పే రోజు ఇరువైపుల వాళ్లూ ఉపవాసం ఉండాలి, ఎవరింటి నీళ్లు వాళ్లు తెచ్చుకోవాలి. నేను పెరటి బావి నీళ్లు చెంబులో పట్టి, మూతికి గుడ్డ కట్టి, తెల్లవారకముందే కుప్పం బస్సెక్కాను. టికెట్టు పది రూపాయల లోపే. పుంగనూరులో టిఫిన్లకు బస్సు ఆగింది. అందరూ దిగినా నేను ఒడిలో చెంబుతో కూర్చునే ఉండడం చూసి కండక్టరు కిటికీ దగ్గరకు వచ్చి అడిగాడు. ఉపవాసమని చెప్పాను.

"కొండకు పోయేవాళ్లే ఈడ ఇడ్లీ తిని పోతాండారమ్మా. నీ దేవుడు యాడుండాడో గానీ శానా కోపిష్టి మాదిరి ఉండాడే" అన్నాడు.

నవ్వొచ్చింది. నాతో నవ్వడానికి పక్క సీట్లో ఎవరూ లేరు. పలమనేరు దాటాక ఎండ ముదిరింది. అమ్మవారి నామాలు చెప్పుకుంటూ చెంబు ఒలకకుండా పట్టుకుని కూర్చున్నాను.

కుప్పం చేరేసరికి మధ్యాహ్నమైంది. అక్కడ దిగి రామకుప్పం బస్సు పట్టుకోవాలి. టాపు మీద కూరగాయల గంపలు ఎక్కించాక గానీ కదలదు కాబట్టి తొందరపడి లాభం లేదు. రామకుప్పంలో వెంకటప్ప ఎద్దులబండి కట్టుకుని వచ్చాడు. బండిలో ఒక మూల నీళ్లకుండ ఉంది. నా నాలుక పిడచ కట్టుకుపోవడం అతనికి కనిపిస్తూనే ఉంది.

"ఎండ శానా ఉండాది వదినా" అని ఆగిపోయాడు. కుండ వైపు చూసి, ఎద్దుల్ని అదిలించాడు. చీకటి పడితే ఏనుగులు రాగి చేలల్లోకి దిగుతున్నాయనీ, ఆలోపే పని ముగించాలనీ మాత్రం చెప్పాడు.

గుడి దగ్గర ఊరి పెద్ద మునెప్ప, మరో ఇద్దరు పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. రత్నమ్మ తన చెంబుతో అవతలి పక్క నిలబడింది. దాని తల పూర్తిగా నెరిసిపోయింది. మునెప్ప మధ్యలో ఇత్తడి గిన్నె పెట్టించాడు. నీళ్లు పోయబోతుండగా వెంకటప్ప ముందుకొచ్చి, ఆ రాయి సంగతి ఒక మాట చెప్పాలన్నాడు. మునెప్ప చెయ్యెత్తి ఆపాడు.

"సూడప్పా, నిజమెవరిదో ఆ పొద్దే అమ్మకు అప్పజెప్పేసినాం. చెప్పల్లంటే ఇప్పుడే చెప్పు, వింటాం. చెప్పినాక నీళ్లు కలిపేది లేదు. కలిపినాక ఈ రెండిండ్ల మధ్య రాయి మాట వచ్చేది లేదు." తర్వాత నా వైపు తిరిగాడు. "ఏమ్మా, ఇనల్లంటావా?"

పన్నెండేళ్లుగా నేను కోరుకున్నది ఒక్కటే. మావారు అబద్ధమాడలేదని వెంకటప్ప నోటితో వినాలని. అతను చెప్పబోయింది అదేనేమో. కాదేమో కూడా. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు. రత్నమ్మ చెంబు గిన్నె మీదికి వంచి పట్టుకుని నా వైపే చూస్తోంది.

"వద్దు పెద్దాయనా. నీళ్లు కలపండి" అన్నాను.

గిన్నెలో రెండిళ్ల నీళ్లు కలిశాయి. కర్పూరం వెలిగించి, ఈసారి ఎవరూ ఆర్పకుండా అదే కొండెక్కేదాకా నిలబడ్డాం. ఆ తర్వాత ముగ్గురం ఒకే గిన్నెలో నీళ్లు తాగాం.

ఆ సాయంత్రం చెల్లెలు రాగిసంగటి, అనపగింజల పులుసు పెట్టింది. చాలంటే వినలేదు. "పెట్టించుకో అక్కా. పన్నెండేండ్ల కూడు ఉండాది పెట్టేదానికి" అంది. ఈనిన ఆవు గురించీ, మోకాళ్ల నొప్పుల గురించీ చాలా మాట్లాడుకున్నాం. మావారి ప్రస్తావన రెండుసార్లు వచ్చింది. ఆయన్ని తలచుకుంటే వెనకే రాయి వస్తుంది. రెండుసార్లూ మాట మళ్లీ ఆవు మీదికి తిప్పాం. వెంకటప్ప లేచి దొడ్లోకి వెళ్లాడు.

మర్నాడు అదే దారిన మదనపల్లె వచ్చేశాను. కట్టుబాటు మంచిదే. అది లేకపోతే నాకు చెల్లెలు దక్కేది కాదు. ఆయన మాట నిజమని గంగమ్మకు తెలుసు, అది చాలనే అనుకుంటాను. కానీ ఆయన్ని ఎరిగిన మనిషితో కూర్చుని ఆ మాట అనుకునే వీలు ఇక లేదు. ఇలా వెళ్లేవారికి నేను చెప్పగలిగేది ఒక్కటే. అడగవలసింది ఏదైనా ఉంటే కబురు పంపేటప్పుడే అడిగించండి. గుడి ముందు అడిగితే నీళ్లు దక్కవు, నీళ్లు తాగాక అడగడానికి లేదు.