సెకను తప్పని గడియారం

మీసం కొత్త, ఉద్యోగం కొత్త, ఉందనుకున్న తెలివి మరీ కొత్త. ఆ రోజుల్లో నాకు సెకన్ల పిచ్చి పట్టింది. మార్కాపురంలో ఒక కంప్యూటర్ రిపేరు దుకాణంలో చేరిన తొలి ఏడాది అది. ఇంట్లోని పాత కంప్యూటర్‌లో గడియారం రోజూ కొంచెం వెనకబడేది. నెట్ నుంచి టైము తెచ్చుకునే ఏర్పాటు అందులోనే ఉంది కానీ, నాకు దాని మీద నమ్మకం లేదు (అంత దూరం నుంచి వచ్చే టైము దారిలో ఎంత ఆలస్యమవుతుందో ఎవరు చూశారు?). అందుకని ఎవరో వాడుకుని పక్కన పెట్టేసిన జీపీఎస్ రిసీవర్ ఒకటి సంపాదించి, మిద్దె మీద పెట్టి, తీగను కిటికీలోంచి లాగి కంప్యూటర్‌కు తగిలించాను. ఉపగ్రహాలు పంపే టైమును అది పట్టి ఇస్తుంది. "ఏందిరా అది?" అన్నాడు, పలకల ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చిన నాయన. "ఆకాశం నుంచి టైము దిగుతాది నాయనా" అన్నాను. ఆయన ఒకసారి పైకి చూసి, కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు.

నా తొందరకు కారణం ఉంది. మర్నాడు పొద్దున పది గంటలకు చెల్లికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. నర్సింగ్ ముగించి ఏడాదిగా ఉద్యోగం కోసం చూస్తున్న పిల్ల. ఫోన్‌లో కుదరదు, కంప్యూటర్ ముందే కూర్చోవాలి, పది నిమిషాలు దాటితే పేరు తీసేస్తాం అని రాశారు.

మర్నాడు చెల్లి పది నిమిషాల ముందే లింకు నొక్కింది. పేజీ తెరుచుకోలేదు. 'మీ గడియారం వెనకబడి ఉంది' అని తెర మీద పడింది. నా గడియారమా! ఫోన్‌ను తెర పక్కన పెట్టి పోల్చి చూశాను. గంట, నిమిషం, సెకను, రెండింట్లోనూ ఒకటే. తప్పు నెట్‌దేనని తేల్చి ఫోన్ నుంచి నెట్ ఇచ్చాను. అదే మాట. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాను. అదే మాట. పది దాటింది. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. వంటింట్లో అమ్మ "ప్రభువా, ప్రభువా" అంటోంది.

"నిన్న బాగానే తెరుచుకునింది గదన్నా! ఏం చేసినావు?" చెల్లి గొంతులో ఏడుపు.

"ఏం చేయలే. బాగుచేసినా."

ఆ పూట పనికి పోకుండా ఆగిన నాయన కళ్ళద్దాలు పెట్టుకుని వంగి చూశాడు. "రేయ్, శుక్రవారం సరిగ్గానే ఉంది. ఆ సంవత్సరం ఏందిరా? అప్పటికి మీ చెల్లికి మాటలు కూడా సరిగ్గా రాలే!"

ఆ పాత రిసీవర్ వారాలను వెయ్యి పైచిలుకు వరకే లెక్కపెట్టగలదు. అది దాటితే మళ్ళీ మొదటికి వస్తుంది. మమ్మల్ని సెకను తేడా లేకుండా, శుక్రవారం కూడా తప్పకుండా, దాదాపు ఇరవై ఏళ్ళు వెనక్కి తీసుకుపోయింది. నేనేమో సెకన్లు తప్ప ఇంకేమీ చూడలేదు.

తీగ పీకి పారేసి, నేను నమ్మని ఆ నెట్ టైమునే అడిగాను. రెప్పపాటులో ఇచ్చింది. ఎనిమిది నిమిషాలు ఆలస్యంగా చెల్లి వాళ్ళకు కనిపించింది. ఎందుకు ఆలస్యమైందని అడిగారు.

"మా అన్న టైము సరిచేసినాడు సార్."

తలుపు బయట నిలబడ్డ నాకు లోపల కంప్యూటర్‌లోంచి ముగ్గురు నలుగురు ఒక్కసారిగా నవ్వడం వినిపించింది. ఇక పోయిందనుకుని గోడకు ఆనుకుని కూలబడ్డాను.

ఉద్యోగం వచ్చింది. "వాళ్ళు నవ్వినాకనే నా బయం పోయిందన్నా, అంతవరకు ఒక్క జవాబూ గుర్తులే" అని మొన్న ఫోన్‌లో చెప్పింది. ఇన్నేళ్ళూ ఈ మాట నాకు చెప్పనేలేదు. మిద్దె మీద ఎండలో నిలబడి ఉపగ్రహాల కోసం వెతుకుతున్న ఆ కుర్ర అన్న గుర్తొస్తే ఇప్పుడు కోపం రాదు. దగ్గరికి పిలిచి భుజం మీద చెయ్యి వేసి, "ఒక్కసారి సంవత్సరం కూడా చూసుకో నాయనా" అని చెప్పాలనిపిస్తుంది.