బదులు సరుకు

మా నాన్న కొట్లో లేని సరుకంటూ ఉండేది కాదు. నిజంగా లేనిది "లేదు" అన్న మాట ఒక్కటే. ధనియాలు అయిపోతే సోంపు చేతిలో పెట్టి "వాసనకి ఇదే నయం, పట్టుకెళ్లమ్మా" అనేవాడు. పెసరపప్పు అడిగినవాళ్లు మసూరుపప్పుతో, అదే మంచిదనుకుంటూ ఇంటికి వెళ్లేవారు. విజయనగరం బజారులో నేర్చిన ఈ విద్యని, భిలాయి ఉక్కు కర్మాగారం కడుతున్న రోజుల్లో అక్కడి ఖుర్సీపార్‌కి తెచ్చుకుని రేకుల కింద చిన్న కొట్టు పెట్టాడు. నేను ఆ కొట్లో పెరిగాను. హిందీ నాకు బడిలో రాలేదు, బేరాల్లో వచ్చింది. అందుకే నా హిందీలో ఇప్పటికీ వ్యాకరణం తక్కువ, గడుసుతనం ఎక్కువ.

పెళ్లయి భిలాయి-3 రైల్వే క్వార్టర్లకి వచ్చాను. అత్తింట్లో మామగారు ఆంజనేయస్వామికి మొక్కేవారు, అత్తమ్మ యేసు ప్రభువుకి ప్రార్థన చేసేది. తరతరాలుగా రైల్లో పనిచేసే ఇళ్లలో అదేమంత వింత కాదు. ఎవరి దేవుడు వాళ్లకి, పొయ్యి మాత్రం ఒకటే. మా నాన్న ఈ సంబంధాన్ని తక్కెడలో పెట్టి చూశాడు. ఒక పళ్లెంలో అల్లుడి రైలు ఉద్యోగం, రెండో పళ్లెంలో అత్తగారి ప్రార్థనలు. ఉద్యోగం వైపే ముల్లు మొగ్గింది.

ఆదివారం మధ్యాహ్నాలు అత్తమ్మ వరండాలో చాప పరిచి ప్రభువు జీవితం చదివేది. ఆయన పుట్టుక దగ్గర మొదలుపెట్టి, వారానికి కొంత చొప్పున, వరస తప్పకుండా. ఒక్కో మాట దగ్గర ఆగి, ఆయన అలా ఎందుకన్నాడు, విన్నవాళ్లు ఏమనుకుని ఉంటారు అని అడిగేది. పక్క క్వార్టర్ల తెలుగు ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చేవారు. వాళ్లకి ఆ కథ ఉగ్గుపాలనాటి నుంచీ తెలుసు. తెలిసిన పాట విన్నట్టు తలాడిస్తూ, మధ్యలో ఒక కునుకు కూడా తీసేవారు.

ఒకరోజు మా వీధిలో భాజీ, అంటే ఆకుకూరలు, అమ్మే ఛత్తీస్‌గఢీ ఆమె గంప దించి మెట్టు మీద కూర్చుంది. ఎండకి కూర్చుందనుకున్నాం. లేవలేదు. "దాయి ఏం చదువుతోంది?" అని అత్తమ్మని చూపించి నన్నడిగింది; వాళ్ల మాటలో దాయి అంటే అమ్మ. చెప్పాను. మరుసటి వారం గంప లేకుండా వచ్చింది.

ఆమెని నేను దీదీ అని పిలిచేదాన్ని. గౌరవం అనుకునేరు. దీదీ అంటే ధర కాస్త దిగుతుందని. ఆకు వాడిందనీ, కట్ట చిన్నదనీ రోజూ ఏదో ఒక వంక పెట్టి, చివర్లో దీదీ అని తేనె పూసేదాన్ని. ఆమె నన్ను బహూ, అంటే కోడలా, అనేది. ఆమె దాహమడిగితే చెంబు పైకెత్తి, దోసిట్లో నీళ్లు పోసేదాన్ని. మా వీధిలో అందరూ అలాగే పోసేవారు. అందరూ చేసేదాంట్లో నాకు సిగ్గేముంటుంది అనుకునే వయసు నాది.

అత్తమ్మకి హిందీ రాదు. ఇన్నేళ్లు ఈ దేశంలో ఉండీ పది మాటలు దాటలేదు. అవి కూడా మగవాటికి ఆడవి, ఆడవాటికి మగవి తగిలించి మాట్లాడేది. అందుకని నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"నాను సదువుతాను, నువ్వు ఆమెకి సెప్పు. ఉన్నదున్నట్టు సెప్పు, ఏటీ?"

నేను ఉన్నదున్నట్టు చెబితే మా నాన్న కూతుర్ని ఎలా అవుతాను? పెళ్లింట్లో నీళ్లు ద్రాక్షారసం అయ్యాయని అత్తమ్మ చదివితే, ద్రాక్ష ఆమె ఎరగదు కదా అని "నీళ్లన్నీ మహువా అయిపోయాయి" అన్నాను, ఇక్కడి ఇప్పసారా పేరు పెట్టి. ఆమె కళ్లు ఇంతయ్యాయి. అంజూరపు చెట్టుని డూమర్, అదే మన మేడిచెట్టు, చేశాను. పెద్ద సరస్సుని తరియా అన్నాను. ఆ చెరువు మీద తుపాను వచ్చిందంటే ఆమెకి నమ్మకం కలగలేదు, అయినా నా మీద దయతో ఒప్పుకుంది. నా తెలివికి నేనే మురిసిపోయేదాన్ని. అడిగింది లేకపోతే దగ్గర్లో ఉన్నది ఇవ్వడం, అంతేగా.

ఆమె వచ్చాక అత్తమ్మ చదవడమే మారిపోయింది. ఎందుకంటే ఆ చాప మీద కథ చివర ఏమవుతుందో తెలియనిది ఆమె ఒక్కతే. "ఫేర్?" అనేది. ఆ తర్వాత? ప్రభువు కుష్ఠురోగిని ముట్టుకున్నాడా, ఫేర్? ఊరివాళ్లు కొండ అంచుకి తోసుకెళ్లారా, ఫేర్? అత్తమ్మ వారమంతా ఆ ఒక్క మాట కోసం ఎదురుచూసేది. కూర తరుగుతూ నాతో అనేది:

"సూడే, ఆయన్ని సంపేస్తారని ఆ తల్లికి తెల్దు. మనకందరికీ తెలిసిపోయి, గుండె మొద్దుబారిపోనాది. ఆమెతో కూడా సివరిదాకా సదవాల. అదొక్కటీ సదివీసి నాను ఎల్లిపోయినా పర్లేదు."

ఆ వారం బావి దగ్గరి కథ. నడిచి నడిచి అలిసిపోయిన ప్రభువు, మిట్టమధ్యాహ్నం బావి గట్టున కూర్చుని, నీళ్లకొచ్చిన ఒక ఆడమనిషిని దాహమడిగాడు. ఆయన వాళ్లు ఆమె వాళ్ల చేతి నీళ్లు ముట్టరు. ఆమే ఆశ్చర్యపోయింది, నన్నెలా అడుగుతున్నావని. ఇక్కడిదాకా బాగానే చెప్పాను. దీదీ మెట్టు మీంచి లేచి వచ్చి చాప అంచున కూర్చుంది.

"ఆమె కుండలో నీళ్లే అడిగాడా?" అంది.

"ఆ కుండలోవే," అన్నాను, నా చెంబు గుర్తొచ్చి ఎటో చూస్తూ.

తర్వాతి మాట అత్తమ్మ చదివింది. ఆ బావి దగ్గరి మనిషికి అయిదుగురు మొగుళ్లుండేవారని, ఇప్పుడున్నవాడు మొగుడు కాడని ప్రభువే ఆమెతో అన్నాడు. చదివి అత్తమ్మ కళ్లద్దాలు తీసి, నిట్టూర్చి, "పాపం" అంది.

నేను నోరు తెరిచాను. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు చెప్పగలను, అప్పుడు మాత్రం ఆలోచన లేకుండానే వచ్చింది. "పాప్," అన్నాను. "పాప్ కియా ఉస్‌నే. పాంచ్ మరద్." పాపం చేసింది, అయిదుగురు మగాళ్లని. అంతటితో ఆగినా బాగుండేది. మొగుడు కాని మొగుడంటే ఏమిటో ఆమెకి బోధపడాలి కదా అని, వెతికి వెతికి ఇక్కడి మాట పట్టుకున్నాను. "చూడీ పహన్‌కే బైఠీ థీ," అన్నాను.

దీదీ వాళ్లలో మొదటి మొగుణ్ణి విడిచిన ఆడది మళ్లీ ఒకరి చేతి గాజులు తొడుక్కుని అతని ఇంటికి వెళుతుంది. కులపెద్దల ఎదుట, భోజనాలు పెట్టి చేసే పని. దాన్నే చూడీ అంటారు. దీదీ తన రెండో ఇంటికి అలాగే వచ్చింది. ఆ సంగతి నాకు తెలుసు. వీధంతా తెలుసు. నీళ్ల కుళాయి దగ్గర మేమంతా ఆ సంగతి మీద నవ్వుకునేవాళ్లం కూడా.

ఆమె నవ్వబోయినట్టు అయ్యి ఆగిపోయింది. కొంగు సర్దుకుని లేచింది. అత్తమ్మకి మాత్రం చెప్పింది: "జావత్ హవ్ దాయి." వెళ్తున్నానని. నాకు చెప్పలేదు.

"ఏటయ్యిందే? ఎల్లిపోతంది? ఏటి సెప్పినావు?"

చెప్పాను. చెబుతూ చెబుతూ తప్పు అత్తమ్మ మీదికే తోయబోయాను. "నువ్వే కదా అత్తా పాపం అన్నావు."

"పాపం అంటే... పాపం సేసినాదని సెప్పీసినావేటే?" అంది అత్తమ్మ. "ఓలమ్మా, నాను జాలికి అన్నాను. అయ్యో పాపం అంటాం, అలగ. ఆయన కూడా తిట్టలేదే ఆమెని. ఉన్నమాట సెప్పినాడు, ఊరుకున్నాడు. ఆ గాజులు ఎక్కడినించి తెచ్చినావు? ఇందల గాజులు లేవే."

మిగతా ఆడవాళ్లలో ఒకామె పెద్దగా నవ్వింది. "కోమటి కొట్లో పెరిగినాది కదా వదినా, కొసరు ఎయ్యకుండా ఉండలేదు." అందరూ నవ్వారు, అత్తమ్మ తప్ప. ఆమె కళ్లద్దాలు పెట్టుకోకుండానే గ్రంథం మూసేసింది.

తర్వాత దీదీ మా వీధికి రావడం మానేసింది. వెనక వీధి నుంచి "భాజీ" అన్న కేక మాత్రం వినబడేది. అత్తమ్మ ఆ కేకకి తల తిప్పేది, నన్నేమీ అనేది కాదు. అన్నా బాగుండేది. తిట్లకి ఎదురుచెప్పడం నాకు వచ్చు.

ఆదివారం ముందురోజు స్టేషన్ దగ్గరి బజారుకి వెళ్లాను. ఆమె లాల్ భాజీ కట్టలు పేర్చుకుని కూర్చుంది. కట్ట ఎంత అని అడిగి, ఆమె చెప్పినంతా తీసి ఇవ్వబోయాను. నా జన్మలో అదే మొదటిసారి. ఆమె డబ్బు అందుకోలేదు.

"బేరం లేదేం ఇవాళ? జబ్బు చేసిందా?" అంది హిందీలో, పక్కనామెకి వినబడేలా.

"దీదీ, మొన్న నేను..."

"మా నాన్నే నన్ను ఆ మొదటి ఇంటినుంచి తెచ్చుకున్నాడు, బహూ. వాడు పెట్టిన వాతలు చూసి. రెండో ఇంటికి అందరి ఎదుటా వెళ్లాను. మీ దేవుడు దాన్ని పాపమన్నాడా?"

"అనలేదు."

"గాజులన్నాడా?"

"అనలేదు. నేనే కలిపాను."

"కాహే?"

ఎందుకని. "నీకు అర్థం కావాలని," అన్నాను.

"మోలా సమఝ్ ఆ గే," అంది. నాకు అర్థమైంది అని. కట్టల మీద నీళ్లు చిలకరించుకుంది. నేను అక్కడే నిలబడ్డాను. క్షమించమన్న మాట నోటిదాకా వచ్చి, ఆ మాట ఎంత పలుకుతుందోనని చూసుకుంటూ ఉండిపోయాను. ఇంతలో ఆమే, నా వైపు చూడకుండా, అడిగింది: "ఆ కుండ మనిషి ఏం చేసింది తర్వాత?"

సిగ్గు అన్నది ఏమైనా ఉంటే అక్కడే చెప్పెయ్యాలి. కుండ గట్టున వదిలేసి ఊళ్లోకి పరిగెత్తి, వచ్చి చూడండని అందర్నీ పిలిచిందని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. కానీ గిరాకీ మళ్లీ సరుకు వైపు చూసిందని నాకు ప్రాణం లేచొచ్చింది. "అది తెలియాలంటే రేపు రావాలి దీదీ," అన్నాను, నవ్వుతూ.

ఆమె తలెత్తింది. "కథకి కూడా తక్కెడ పడతావా నువ్వు?"

పక్కనామె కిసుక్కున నవ్వింది. భాజీ తీసుకోకుండా ఇంటికొచ్చాను. దారిలో మొహం ఎవరికీ చూపించబుద్ధి కాలేదు.

మర్నాడు ఆమె వచ్చింది. నేను పిలిచినందుకు కాదని ఆమె కూర్చున్న చోటే చెప్పింది. చాప మీదుగా నడిచి అత్తమ్మ మోకాలి పక్కన కూర్చుంది. నేను నా చోట కూర్చోబోతుంటే చెయ్యి అడ్డంగా పెట్టింది.

"దాయే చెబుతుంది. బహూ ఊరుకుంటుంది."

"ఏటంటంది?" అంది అత్తమ్మ.

"నన్ను మాట్లాడొద్దంటోంది అత్తా."

"మరి నాకు రాదు కదే."

ఆ సంగతి హిందీలో చెప్పడానికి కూడా నాకు అనుమతి లేదు. దీదీ అత్తమ్మ చెయ్యి తట్టి, "బోల్ దాయి," అంది. అత్తమ్మ గ్రంథం వైపు చూసింది, ఆమె వైపు చూసింది, తన పది మాటలూ కూడదీసుకుంది. "ఔరత్... ఘడా... ఛోడ్ దియా. గావ్ గయా. సబ్‌కో బోలా, ఆవ్, దేఖ్." చేతుల్తో కుండ దించి చూపించింది, కూర్చున్నచోటే పరుగు చూపించింది. దీదీ విరగబడి నవ్వింది. "ఫేర్?" అంది.

అలా చాలా ఆదివారాలు గడిచాయి. నేను గుమ్మం దగ్గర చింతపండు గింజలు తీస్తూ వినేదాన్ని. అత్తమ్మ చెప్పే కథ నేను చెప్పినదాంట్లో పావు వంతు ఉండేది. మహువా లేదు, డూమర్ లేదు. తెలియని మాట దగ్గర అత్తమ్మ తెలుగులోనే చెప్పేసి ముందుకి వెళ్లిపోయేది. దీదీ అర్థమైనదాన్ని పట్టుకుని, కానిదాన్ని వదిలేసేది. మధ్యలో నాకు నాలిక దురద పెట్టేది. ఇక్కడ ఈ మాట సరిపోతుంది, అది కాదు ఇది, అని లోపల నా కొట్టు నడుస్తూనే ఉండేది. ఎవరూ కొనలేదు.

నీళ్లు ఇప్పుడు అత్తమ్మే ఇచ్చేది, మా ఇంటి గ్లాసులో. నేను ఇవ్వబోతే దీదీ దాహం లేదనేది.

చివరి వారం వచ్చింది. అత్తమ్మ రెండు చేతులూ సిలువలా చాపి చూపించింది. మేకులు చూపించింది. దీదీకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక "నఇ," అంది, వద్దన్నట్టు. అత్తమ్మ చదవడం ఆపి ఏడుస్తోంది. ఎన్నిసార్లు చదివిన కథో ఆమెకి.

దీదీ అత్తమ్మ ముంజేయి పట్టుకుని అడిగింది: "ఓకర్ దాయి ఉహాం రిహిస్ కా?"

వాళ్లమ్మ అక్కడ ఉందా, అని. అత్తమ్మకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. నాకు అయింది. ఇద్దరూ నా వైపు చూడలేదు. అత్తమ్మ కళ్లు తుడుచుకుని, ఏదో ఓదార్పు అడిగిందనుకుని, "ఔనమ్మా, ఔను," అంది తెలుగులో, తల ఊపుతూ.

దీదీ కూడా తల ఊపింది. జవాబు నిజమే, గ్రంథంలో తల్లి ఆ సిలువ దగ్గరే నిలబడి ఉంది. నన్నడిగి ఉంటే ఇంకో నాలుగు మాటలు కలిపేదాన్ని.