మాల్కిన్ అనిపించుకున్న మా అక్క

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, గొంతు పెద్దగా రావటం లేదు. మా అక్క కనకరత్నం పరమపదించి ఇంకా నెల తిరగలేదు. ఫోనులో ఆ కబురు విన్నప్పుడు నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది, మూకుట్లో తాలింపు మాడి ఇల్లంతా పొగ. ఉత్తరాదిన మేముండే ఈ వైశాలిలో ఆమె చేతి పప్పుచారు రుచి చూడని తెలుగువాళ్ళు తక్కువ. అటువంటి ఇల్లాలి గురించి నాలుగు మాటలు చెప్పకపోతే నాకు అన్నం సయించదు.

మా బావగారికి సాహిబాబాద్‌లో అట్టపెట్టెల ఫ్యాక్టరీ ఉంది. అక్కడి పనివాళ్ళందరికీ మధ్యాహ్నం భోజనం వండేది అక్కే. గిన్నెలు తోమడానికి మాత్రం బిమ్లా అని జీతానికి ఒకావిడ. అక్కను అందరూ మాల్కిన్ అనేవారు, అంటే యజమానురాలని. ఆ పిలుపంటే అక్కకు ప్రాణం. కొత్తగా చేరినవాడొకడు "ఆంటీ, ఇంకొంచెం అన్నం" అన్నాడు. "ఆంటీలు మీ వీధిలో ఉంటారు నాయనా, అక్కడ అడుగు" అని ఆ పూట వాడికి ఆవకాయ వెయ్యలేదు. మర్నాడు వాడు మాల్కిన్ అన్నాడు, రెండు ముక్కలు వేసింది.

పెట్టెలు కొనే పెద్ద కంపెనీవాళ్ళు, పనివాళ్ళకు ఆరోగ్య బీమా ఉంటేనే ఆర్డరు ఇస్తామన్నారు. అందుకని బావగారు మూర్తి అనే బీమా ఏజెంటును పిలిపించారు. జీతం తీసుకునేవాళ్ళందరికీ కలిపి ఒకటే పాలసీ. వాళ్ళ ఇంటివాళ్ళకు వర్తించదు. మొదటి పేరు బావగారిదే, మేనేజరని రాయించుకున్నారు. భోజనం చేసి చెయ్యి కడుక్కుంటూ మూర్తి అన్నాడు: "సార్, అమ్మగారి పేరు కూడా వేద్దాం. వంట ఆవిడే చేస్తున్నారుగా, జీతం చూపిస్తే చాలు."

"నా పెళ్ళాన్ని నాకు నౌకరుగా రాసుకోమంటావా మూర్తీ? రేపట్నించి ఆదివారం సెలవడుగుతుంది" అన్నారు బావగారు. అందరూ నవ్వారు.

తలుపు వెనక అక్క విన్నది. సాయంత్రం నాకు ఫోను చేసి ఎంత మురిసిపోయిందో. "విన్నావటే, మీ బావ నన్ను నౌకరని రాయనన్నారు."

ఆ ఏడే బిమ్లాకు పిత్తాశయంలో రాళ్ళు పడ్డాయి. బీమా కార్డు చూపిస్తే పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చుకుని ఆపరేషన్ చేశారు. అక్క రోజూ ఆటోలో జావ పట్టుకెళ్ళేది. బావగారు చూడటానికొచ్చి, "నా పుణ్యాన ఏసీలో పడుకున్నావ్ బిమ్లా. అక్కడ గిన్నెలెవరు తోముతారు?" అన్నారు.

"నేను తోముతున్నాలెండి" అంది అక్క.

మరుసటి చలికాలం అక్కకూ అదే నొప్పి, అవే రాళ్ళు. అదే ఆసుపత్రికి వెళ్ళాం. కౌంటరులో అమ్మాయి అడిగింది: "మేడమ్, మీరు అక్కడ ఎంప్లాయీనా?"

"కాదమ్మా, మాల్కిన్‌ని" అంది అక్క, నొప్పిలోనూ నిటారుగా నిలబడి.

"అయితే డిపాజిట్ కట్టాలి."

బావగారి దగ్గర లేక కాదు. "రాళ్ళేగా, ఎక్కడికి పారిపోతాయి? మార్కెట్ బాగాలేదు, ఆర్డర్లు పుంజుకోనీ" అన్నారు. మళ్ళీ అడిగితే, "బిమ్లాతో పోటీయా నీకు?" అన్నారు. ఆ మాట తర్వాత అక్క ఇంక అడగలేదు.

ఒకరోజు నేనక్కడ ఉండగానే బిమ్లా కొంగులోంచి తన కార్డు తీసింది. "దీదీ, నా పేరు చెప్పి వెళ్ళు. దీని మీద ఫొటో లేదు."

అక్క డొక్క పట్టుకుని నవ్వింది. "పిచ్చిదానా, నేనక్కడ చస్తే కాగితాల్లో చచ్చేది నువ్వు. నీ మొగుడు వెంటనే ఇంకోదాన్ని తెచ్చుకుంటాడు." కార్డు తిరిగి దాని కొంగులోనే ముడివేసింది. బిమ్లా దీదీ అనడం, అంటే అక్కా అనడం, అదే మొదలు. అక్క ఆ పిలుపును దిద్దలేదు.

లోపల చీముపట్టింది. అప్పుడు సర్కారు ఆసుపత్రికి తీసుకెళితే మంచం దొరక్క వరండాలో స్ట్రెచర్ మీదే ఉంచారు. నా చెయ్యి పట్టుకుని చివరగా అన్న మాట ఇది: "పనివాళ్ళకని మినప్పప్పు నానబోశానే, పులిసిపోతుంది, చూడు." నేను ఇంటికొచ్చి పొయ్యి వెలిగించేసరికే ఆ ఫోను.

దినాలు అయిన మర్నాడే బావగారు జీతానికి వంటవాణ్ణి పెట్టారు. నేను అక్క చీరలు సర్దుతున్నాను, మూర్తి వచ్చి ఆ వంటవాడి పేరు, వయసు, జీతం రాసుకున్నాడు. తల ఎత్తలేదు. వంటవాడు అడిగాడు, "నాకు ముందు ఎవరు చేసేవారు సార్?"

"ఎవరూ లేరు. ఇంట్లోవాళ్ళే" అన్నారు బావగారు.

పెరట్లో బిమ్లా గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది.

అక్కా, నీకు నా నమస్కారం. పొయ్యి దగ్గరికి మనిషి వచ్చాడు గానీ నీ చోటికి ఎవరూ రారు. ఇంతసేపూ విన్న మీ ఇల్లు చల్లగా ఉండాలి తల్లీ. మీ ఇంట వండి పెట్టే మనిషికి నొప్పి వచ్చిననాడు, నువ్వెవరివని అడగకుండా ఆసుపత్రి తలుపులు తెరుచుకోవాలి.