పొట్టి అంగీ

ఈ ఆదివారం చర్చిలో పూజ అయ్యాక మా విచారణ గురువు, మేత్రాణుల, అంటే బిషప్పుల, జాతీయ సభ ఈసారి ఎక్కడో ఉత్తరాదిన జరగబోతోందనీ, దానికోసం ప్రార్థించమనీ చెప్పారు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. నా మెడ మీద మాత్రం చల్లగా ఏదో ఆనినట్టయింది.

కొన్నేళ్ల క్రితం ఆ సభ మా రాజమండ్రిలో జరిగింది. దేశంలోని బిషప్పులంతా ఒకచోట కూర్చుని రోజుల తరబడి మాట్లాడుకునే సభ అది. బయటివాళ్లకి కనిపించేది ఊరేగింపూ, ఫొటోలూ. లోపల మాత్రం పెద్దింటి పెళ్లే. మెట్లెక్కలేని మోకాళ్లెవరివి, చక్కెర జబ్బెవరికి, ఏ రైలుకి ఏ కారు వెళ్లాలి, అన్నీ చూసుకోవాలి. వంటవాళ్లయితే, కారం తగ్గించమంటే మర్యాద తగ్గించమన్నట్టు మొహాలు పెట్టారు. మఠంలో సిస్టరైన మా పిన్నికి పూజావస్త్రాల బాధ్యత అప్పగించారు. నేను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి సాయం వెళ్లాను. ప్రతి బిషప్‌గారికీ ఒక తెల్లటి పొడవాటి అంగీ, దాని అంచుకి నరసాపురం లేసు.

కొండప్రాంతం నుంచి రావలసిన బిషప్పుల్లో ఒక పెద్దాయన ముందే ఫోన్ చేశారు. చిన్నతనంలో ఇక్కడే చదువుకున్నారట, తెలుగు మరిచిపోలేదు. "సిస్టర్, నేను పొట్టివాణ్ణండి. అంగీ కాళ్లకి అడ్డం పడితే పీఠం ముందే బోర్లా పడతాను" అని నవ్వారు. పిన్ని ఒకదాని అంచు విప్పి, కురచ చేసి, మళ్లీ లేసు కుట్టింది.

మొదటి పూజనాటి ఉదయం, ఆయన ఆసుపత్రిలో ఉన్నారనీ రావడం లేదనీ కబురొచ్చింది. వస్త్రాల గదిలో వరసలోంచి నేను ఆ అంగీ తీసేయబోతే పిన్ని ఆపింది. "ఉండనియ్యవే. ఆయన కోసం కుట్టింది."

బిషప్పులు వచ్చి, అంగీలు తొడుక్కుని, ఊరేగింపుగా గుడికి బయల్దేరారు. ఆ హడావిడిలో ఏది మిగిలిందో చూడకుండానే మేమూ వెనకాలే వెళ్లాం. పూజయ్యాక వాళ్లు విప్పేసి వెళ్లినవి మడత పెడుతుంటే పొట్టి అంగీ నా చేతికొచ్చింది. మెడ దగ్గర చెమట తడి. చేతుల దగ్గర ముడతలు. లోపల ఒంటి వేడి ఇంకా ఆరలేదు.

"ఇంకెవరో తొడుక్కుని ఉంటారు పిన్నీ."

"అయితే వాళ్లది మిగలాలి కదే."

గదంతా వెతికాం. తొడగని అంగీ ఒక్కటీ లేదు.

అంతలో ఏర్పాట్లు చూస్తున్న ఫాదర్‌గారు గుమ్మంలోకి వచ్చారు. "సిస్టర్, ఇందాకే ఫోనొచ్చిందండి. ఆ పెద్దాయన పోయారు. మన పూజ జరుగుతుండగానేనంట."

పిన్ని ఏడవలేదు. అంగీని ఒళ్లో పెట్టుకుని, అంచు నిమురుతూ, ఎదురుగా మనిషి నిలబడ్డట్టే అడిగింది.

"కాళ్లకి అడ్డం పడలేదు కదండీ?"

నేను ఎండలోకి వచ్చేశాను. సభ ముగిసేదాకా ఆ గదిలోకి ఒంటరిగా వెళ్లలేదు. పిన్ని ఆ అంగీని ఉతకనివ్వకుండా, అంత్యక్రియలకి వెళ్తున్న ఒక బిషప్‌గారితో పంపించింది. ఆ పెద్దాయన్ని దాంతోనే సమాధి చేశారని తర్వాత తెలిసింది.

గడిచిపోయిన క్షణం తిరిగి రాదని బళ్లో పిల్లలకి ఇప్పటికీ చెబుతున్నాను. ఆ గదిలోని క్షణం నిజంగా వెళ్లిందో లేదో మాత్రం తల తిప్పి చూడను.