గుసగుసల్లో ఎంబీఏ

ఆ రోజుల్లో మా ఖుర్సీపార్ క్వార్టర్లలో పెరిగిన పిల్లలందరికీ ఒక విద్య తప్పకుండా వచ్చేది: గొంతు లేవకుండా పోట్లాడటం. అందరి నాన్నల్లాగే మా నాన్నకీ స్టీల్ ప్లాంటులో, ఫర్నేసు దగ్గర పని. నైట్ షిఫ్ట్ వారం వచ్చిందంటే పగలంతా ముందుగదిలో నిద్రపోవాలి. ఆ వారం ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు, కుక్కర్ కూయకూడదు (అమ్మ అన్నం గిన్నెలో వార్చేది), కోపం వచ్చినా గుసగుసగానే రావాలి. సరిగ్గా అలాంటి వారంలోనే నా ఎంబీఏ సంగతి తేలాల్సి వచ్చింది. నా ఖర్మ!

అప్పటికి నేను పవర్ హౌస్ స్టేషన్ దగ్గర ఓ చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాస్తున్నాను. (సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని అని చెబితే మా వీధిలో "అంటే టైపింగా?" అనేవారు.) రాయపూర్‌లో ఎంబీఏ సీటు వచ్చింది. పగటి క్లాసులు కాబట్టి ఉద్యోగం మానెయ్యాలి. ఇవాళ గడువు ఆఖరి రోజు; చేరుతున్నానని సాయంత్రంలోగా చెప్పకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ఆ మాట చెప్పి రావడానికి అన్నయ్య చెప్పులేసుకుని మరీ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎంబీఏ సేత్తే ఆఫీసరవుతావే! ఎన్నాళ్లని ఆ టీవీ ముందర కూకుని టకటకా కొడతావు?" అమ్మ గుసగుస.

"ఇందులో సోచనా క్యా హై? హాఁ బోల్ దే," ఆలోచించేదేముంది, సరే అనెయ్ అని బడి హిందీలో అన్నయ్య గుసగుస.

"ఆఫీసర్లకి కొమ్ములుంటాయేటి?" నా గుసగుస.

వారమంతా ఇదే వరస. వాళ్లు ఎంబీఏ చెయ్యమంటే నాకు ఉద్యోగం ముద్దొచ్చేది, పోనీ ఎంబీఏ వద్దులే అంటే సీటు మీద ప్రేమ పుట్టుకొచ్చేది. పక్కింటి పిన్ని కూడా గోడ మీంచి తల పెట్టి, "మా మరిది కొడుకు ఎంబీఏ సేసి టై కట్టుకు తిరుగుతన్నాడే," అని గుసగుసలాడి పోయింది. తలుపు దబాల్న వేద్దామంటే లేదు, గిన్నె విసిరేద్దామంటే లేదు. కోపం మింగి మింగి నాకు కడుపుబ్బరం పట్టుకుంది.

అన్నయ్య ఎక్కాల్సిన రాయపూర్ లోకల్ రైలుకి టైమవుతోంది. అమ్మ నా గడ్డం పట్టుకుని, "అయినా ఆ పన్లో అంతేటుందే?" అంది.

"ఉంది! రాసింది రాసినట్టు నడిస్తే ఎంత బాగుంటాదో నీకేటి తెలుసు? నాకదే ఇష్టం! ఎల్నంటే ఎల్ను!"

ఆ కేకకి గోడవతల పిన్ని చేతిలోంచి ఏదో గిన్నె దభేల్న పడింది. అందరికన్నా ఎక్కువ బిత్తరపోయింది నేనే. ఆ ముక్క నాలో ఉందని అప్పటిదాకా నాకే తెలియదు.

నాన్న కళ్లు నులుముకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. అమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"వారం బట్టీ మీ గుసగుసలకి నాకు కునుకు లేదు. ఎవరో ఒకరు గట్టిగా అరుత్తారేటో, తేలిపోతాదని సూత్తన్నాను," అన్నాడు నాన్న. నావైపు తిరిగి, "తేలింది కదమ్మా? ఇంక పడుకోనీ," అనేసి వెళ్లి, మరుక్షణం గురక పెట్టాడు. అన్నయ్య చెప్పులు విప్పేశాడు.

ప్రోగ్రాములు రాస్తూనే నా జుట్టు నెరిసింది. ఎంబీఏ చదివొచ్చి నా నెత్తిన కూర్చున్న కుర్రాళ్లు ఏ అర్థంలేని పనో చెప్పినప్పుడు, "అలాగేనండీ," అని మెత్తగా అనేసి, ఇంటికొచ్చి పళ్లు నూరుకుంటాను. అప్పుడు వంటింట్లో గుండెలు పగిలేలా అరిచిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఎంత ధైర్యమో దానికి! ఇప్పుడు మా ఇంట్లో పగలు నిద్రపోయేవాళ్లెవరూ లేరు. అయినా అంత గట్టిగా అరవడం నాకు మళ్లీ చేతకాలేదు.